పండగ కాని రోజున

జావా కొండల్లోని కరంగ్‌వుని హైస్కూల్లో లస్మిని టీచరుకు తరగతంటూ లేదు. లెక్కలు చెప్పదు, సైన్సు చెప్పదు. మెట్ల కింద చిన్న గది, అందులో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు పెద్ద అట్ట. ఆఖరి ఏడాది పిల్లల్లో ఎవరు ఏ కాలేజీకి వెళ్ళాలి, ఏ చదువుకు దరఖాస్తు పెట్టాలి అన్నది ఆ గదిలోనే తేలేది. తక్కిన టీచర్లు "మీకేమమ్మా, పేపర్లు దిద్దే బాధ లేదు" అని దెప్పేవాళ్ళు. ఆవిడ నవ్వి ఊరుకునేది. పేపరు తప్పుగా దిద్దితే మళ్ళీ దిద్దుకోవచ్చు, తను తప్పు చేస్తే దిద్దుకునే వీలుండదని ఆవిడకు తెలుసు. తెలిసీ చేసింది. మంచి మనిషే చేసింది, అదే నా బాధ.

లస్మిని ఈ కొండల్లోనే పొగాకు కూలీల ఇంట పుట్టింది. చిన్నప్పుడు నర్సు కావాలని మహా ఇదిగా ఉండేదట. "నర్సు సీటు వస్తుందో రాదో, టీచరు ట్రైనింగయితే ఖాయం" అన్నాడు వాళ్ళ హెడ్మాస్టరు. ఖాయమన్నది తీసుకుంది. నెలనెలా జీతం, ఇటుక గోడల ఇల్లు, వానకు కారని కప్పు, అన్నీ ఆ ఒక్క మాట వల్లే వచ్చాయి. ఇక ఆ మాట మీద ఆవిడకు కుదిరిన నమ్మకం దేవుడి మీద కూడా కుదరలేదంటాడు మొగుడు సురోతో. ఆయన మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు, మిగతా పొద్దంతా గువ్వల్ని పెంచుతాడు. గువ్వ కూత బాగుంటే అన్నం కూడా మర్చిపోయే రకం.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. మా వైపు ఎవరినైనా ఏదైనా అడిగితే మొహం మీద "లేదు" అనడం మోటు. "ఇంకా లేదు" అనాలి. పెళ్ళయిందా అంటే ఇంకా లేదు, మక్కా వెళ్ళొచ్చారా అంటే ఇంకా లేదు. పిల్లలెంతమంది అని కొత్తవాళ్ళు అడిగితే, యాభై దాటాక కూడా లస్మిని నవ్వుమొహంతో "ఇంకా లేదండీ" అనేది. అడిగినవాళ్ళు గతుక్కుమని మాట మార్చేసేవాళ్ళు.

ఇక ఆవిడ పని సంగతి. సర్కారు విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రెండు దారులు. ఒకటి ప్రవేశ పరీక్ష. రెండోది, పరీక్ష లేకుండా బడి మార్కులు చూసి పిలిచే దారి. ఈ రెండో దారంటే ప్రతి బడికీ ప్రాణం. ఒకే బడి నుంచి ఇద్దరు ఒకే సీటుకు ఎగబడితే ఇద్దరికీ రాదని టీచర్ల భయం. అందుకని లస్మిని పిల్లల పేర్లు కాగితం ముక్కల మీద రాసి గోడ అట్ట మీద గుండుసూదులతో గుచ్చేది. ఎవరికెవరు అడ్డు పడకుండా ఒక్కొక్కరినీ పక్కకు జరిపేది. ఇంటర్వెల్లో పిల్లలు కిటికీలోంచి తొంగి చూసి, తమ కాగితం ఎక్కడికి జరిగిందో చూసుకుని, గుండెలు బాదుకుంటూ పోయేవాళ్ళు.

ఇంకో భయం కూడా ఉంది. పిలుపు వచ్చాక చేరకపోతే, ఆ విశ్వవిద్యాలయం బడి మీద పగబడుతుందనీ, తర్వాతి పిల్లలకు తలుపులు మూసేస్తుందనీ. అది ఎక్కడ రాసుందో ఎవరూ చూడలేదు. కానీ ఒకప్పుడు ఒక కుర్రాడు సీటు వదులుకుని వాళ్ళ మామ లారీ మీద పనికి పోయాడు. మరుసటేడు ఆ విశ్వవిద్యాలయం మా బడి నుంచి ఒక్కరినీ తీసుకోలేదు. ఇంకేం కావాలి? ఆ కుర్రాడికిప్పుడు మీసాలు నెరుస్తున్నాయి, అయినా వాడి పేరెత్తితే టీచర్లు ఇప్పటికీ పళ్ళు నూరుతారు.

వెనింగ్ ఈ అట్ట మీదికి వచ్చిన ఏడు, అందరికంటే పైనున్న కాగితాల్లో దానిదొకటి. తల్లి తుమిరా పరాయి పొలాల్లో పొగాకు కోస్తుంది. తండ్రి లేడు. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ వీపున బుట్ట కట్టుకుని, సీసాల్లో పసుపు, అల్లం, చేదు వేర్ల కషాయాలు పోసి వీధివీధీ తిరిగి అమ్మింది. ఆ కషాయంలో ఏముంది, ఒకరికి పనిచేసింది ఇంకొకరికి ఎందుకు చెయ్యలేదు అని పసితనం నుంచీ వెనింగ్ ఒకటే గోల. ఫార్మసీ చదవాలి, అంతే. ఇంకో మాట లేదు.

బట్టల కొట్టు వాళ్ళ అమ్మాయి నస్తితికీ అదే చదువు, అదే విశ్వవిద్యాలయం కావాలి. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునే స్నేహితులు. లస్మిని ఇద్దర్నీ గదికి పిలిచింది.

"ఇద్దరూ ఒకే గుమ్మంలో నిలబడితే ఇద్దర్నీ తోసేస్తారు తల్లీ. ఒకరు తప్పుకోవాలి."

"తప్పుకునేది నేనేనా ఇబూ?" అంది వెనింగ్. మా వైపు టీచరమ్మను ఇబు అనే పిలుస్తారు, అమ్మ అన్నట్టే.

"దాని బడి మార్కులు వెంట్రుకవాసి ఎక్కువ."

"నమూనా పరీక్షల్లో నావే ఎక్కువ కదా! పోనీ ఈ దారి నాకొద్దు. నేను పరీక్షే రాస్తాను."

"గాల్లో దీపం పెడతావా? దేశం దేశమంతా రాస్తుందే ఆ పరీక్ష. నా మాట విను. సముద్రం అవతల దీవిలో ఒక మంచి విశ్వవిద్యాలయం ఉంది. చేపల పెంపకం. అడిగేవాళ్ళు తక్కువ. నీ మార్కులకు ఖాయం."

"చేపలా!" నస్తితి పకపకా నవ్వింది. "ఇబూ, ఇది బురదలో కప్పను చూస్తేనే మా ఇంటిదాకా పరిగెడుతుంది."

"నువ్వు నోర్మూసుకో, నీవల్లే ఇదంతా" అని వెనింగ్ కూడా నవ్వింది. ముగ్గురూ నవ్వారు. నవ్వు తగ్గాక వెనింగ్ మెల్లగా అంది, "సముద్రం ఎలా ఉంటుందో కూడా నేను చూళ్ళేదు ఇబూ."

"చూద్దువుగాని. ఒకసారి పిలుపొచ్చిందంటే మళ్ళీ పరీక్ష రాయనివ్వరు, అది గుర్తుంచుకో. అయినా ఖాయమైన సీటు చేతిలో ఉండగా నీకు పరీక్షతో పనేముంది?"

చెప్పడం చెప్పింది. కాకపోతే, అంత పెద్ద సంగతిని గొడుగు తీసుకెళ్ళు అన్నంత తేలిగ్గా చెప్పింది. వెనింగ్ గోడ అట్ట వంక చూసింది. తర్వాత ఆవిడ చెయ్యి అందుకుని, మా పిల్లలంతా పెద్దవాళ్ళకు చేసినట్టే, నుదుటికి ఆనించుకుంది.

"ఇబు ఏది మంచిదంటే అదే."

లస్మిని కాగితం ముక్కను పీకి, అట్ట చివర, సముద్రానికని నీలం రంగు వేసిన చోట గుచ్చింది. ఆ రోజు ఆవిడకు తృప్తిగా కూడా ఉంది. ఏం చెప్పమంటారు!

ఫలితాలు రంజాన్ ఉపవాసాల నెలలో వచ్చాయి. ఫోను తెరిస్తే నీలం కనబడాలి, ఎర్రదనం కనబడితే సీటు లేనట్టే. మెట్ల కింద గది నిండిపోయింది. నస్తితి ఫోనులో ఎరుపు. ఆ పిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది. వెనింగ్ ఫోనులో నీలం. నలుగురూ దాని మీద పడి వాటేసుకున్నారు. "నీలమొచ్చిన మొహమేనా అది? కాస్త నవ్వవే!" అని ఎవరో గిల్లారు. నవ్వింది. హెడ్మాస్టరు హర్తోయో గుమ్మంలోంచే కేక వేశాడు, "లస్మినిగారూ, ఎన్ని నీలాలు? బేనరు మీద ఎన్ని మొహాలు వేయించమంటారు?"

బేనరు బడి గేటుకు వేలాడింది. వరుసగా పిల్లల మొహాలు, కింద వాళ్ళు చేరబోయే చదువుల పేర్లు. వెనింగ్ మొహం కింద చేపల పెంపకం అని ఉంది. సంతకు వచ్చిపోయేవాళ్ళు చూసి, "తుమిరా, మీ అమ్మాయి మాకు చేపలు పట్టిపెడుతుందా ఏంటి?" అని వేళాకోళమాడేవాళ్ళు.

నస్తితి కళ్ళు తుడుచుకుని పరీక్షకు కూర్చుంది. ఫార్మసీ వచ్చింది. అదే విశ్వవిద్యాలయం, వెనింగ్ కావాలన్న అదే సీటు. ఇంతకంటే చేదు ఏ కషాయంలో ఉంటుంది? ఎర్రదనం వచ్చిన పిల్ల అనుకున్నది సాధించుకుంది, నీలమొచ్చిన పిల్ల పరీక్ష హాలు గేటు కూడా దాటలేకపోయింది.

ఆ తర్వాత తెలిసింది, వెనింగ్ చేపల సీటు వదులుకుంటోందని. జిల్లా పట్నంలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో ఫార్మసీ డిప్లొమా ఉంది. పేద పిల్లలకని ఉంచిన సీటు తనకిస్తామన్నారట. హర్తోయో మొహం మాడిపోయింది. "మళ్ళీ ఆ లారీవాడి కథేనా? మీరే వెళ్ళి చెప్పండి. మీ మాటయితే వింటారు."

లస్మిని వానలో వెళ్ళింది. సురోతో బండి మీద కొండ మలుపు దాకా దింపాడు, అక్కణ్ణుంచి బురదలో నడిచింది. తుమిరా హడావిడిగా చాప పరిచి, ఉడికించిన కర్రపెండలం, తియ్యటి టీ తెచ్చి ముందు పెట్టింది.

"వచ్చే ఏటి పిల్లల గురించి ఆలోచించమ్మా" అంది లస్మిని. "నువ్వు వెళ్ళకపోతే ఆ తలుపు వాళ్ళ మొహానే మూసేస్తారు."

"అలా అని ఎక్కడ రాసుంది ఇబూ?"

"రాసి ఉండదు. జరిగింది. అందరికీ తెలుసు."

"నేను తప్పుకున్నాను కదా ఇబూ ఒకసారి, నస్తితి కోసం." వెనింగ్ గొంతు పెంచలేదు. "ఇప్పుడు మళ్ళీ ఎవరో పిల్లల కోసమా? వాళ్ళెవరో నాకు తెలియను కూడా తెలియదు."

లస్మిని అక్కడితో లేచి వచ్చేసినా బావుండేది! రాలేదు. టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, తల వంచుకుని, "నా మాట కోసం" అంది.

తుమిరా గాభరా పడిపోయింది. గురువు మాట నమ్మదగిందనీ గురువు నడక అనుసరించదగిందనీ మా జావాలో పాలతో పాటు పోస్తారు. "ఇబు గురు ఇంత వానలో, మా కొంపకు నడిచొచ్చి అడుగుతుంటే కాదంటామా? అమ్మడూ, సరే అను."

వెనింగ్ తల్లి వంక చూసింది. "సరే ఇబూ" అంది.

మలుపు దగ్గర సురోతో తడుస్తూ నిలబడి ఉన్నాడు. "ఏమంది?"

"సరే అంది."

"అందా, నువ్వు అనిపించావా?"

లస్మిని బండెక్కి కూర్చుంది. 

వెనింగ్ ఓడెక్కి వెళ్ళింది. మొదటి నెలలో ఇబుకు సముద్రం ఫొటో ఒకటి పంపింది. కింద ఏమీ రాయలేదు. లస్మిని దాన్ని స్టాఫు రూములో అందరికీ చూపించింది, "చూశారా, సముద్రం చూడని పిల్ల!" అని. ఆ తర్వాత ఫొటోలు లేవు. సంతలో తుమిరా కనబడితే అడిగేది. "చేపల చెరువుల్లో దిగి దిగి కాళ్ళకు పుళ్ళు లేచాయట. రెండు సబ్జెక్టులు తప్పిందట" అనేది తుమిరా. "ఫోనులో ఏడవదమ్మా. ఏడిస్తే నాకూ కాస్త తేలికయ్యేది. ఏమీ మాట్లాడదు, ఊరికే పట్టుకుని ఉంటుంది."

మరుసటి ఏడు ఉపవాసాల నెల వచ్చింది. మా బడి నుంచి ఆ దీవి విశ్వవిద్యాలయానికి పెట్టుకున్న పిల్లలందరి ఫోన్లలో ఎరుపే. ఒక్కరంటే ఒక్కరికి నీలం రాలేదు.  ఇంతమంది సుఖం కోసమే కదా ఆ పిల్లను ఓడెక్కించింది! లస్మిని ఉండబట్టలేక ఆ విశ్వవిద్యాలయానికి ఫోను చేసింది. అవతల ఎవరో గుమాస్తా, పాపం, మర్యాదగానే మాట్లాడాడు.

"మా పిల్ల చేరింది కదండీ కిందటేడు, మానలేదు కదా" అంది లస్మిని.

"ఏ బడి నుంచి ఎవరొచ్చారు, ఎవరు మానేశారు అని మేమెప్పుడూ చూడలేదమ్మా. ఈసారి దరఖాస్తులు ఎక్కువొచ్చాయి, అంతే. అందరూ ఇదే అడుగుతారు మమ్మల్ని, ఎవరు పుట్టించారో ఏమో!"

ఫోను పెట్టేసి లస్మిని గోడ అట్ట వంక చూస్తూ కూర్చుంది. గుండుసూదుల చిల్లులతో అది జల్లెడలా ఉంది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళ సురోతో ఖర్జూరాలు ముందు పెడితే, ఒక్కటీ ముట్టలేదు. "ఆ పిల్లను నేను ఊరికే పంపేశాను" అంది. "ఎవరికోసమూ కాదు. ఊరికే." సురోతో మామూలుగా అయితే ఏదో ఒక విసురు విసిరేవాడు. ఆ రోజు మాత్రం ఖర్జూరాలను ఆవిడ వైపు ఇంకాస్త జరిపాడు.

నెల ముగిసి లెబరాన్, అంటే రంజాన్ పండగ, వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో చిన్నవాళ్ళంతా పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చేతులు పట్టుకుని మన్నించమని అడుగుతారు. పెద్దవాళ్ళు "మావైపు తప్పులుంటే మీరూ మన్నించండి" అంటారు. ఆ రోజు ఎవరు ఎవర్ని అడిగినా కాదనకూడదు. బద్ధశత్రువైనా సరే. లస్మిని ఇంటికి బడిలో చదువుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా వస్తారు. అనాసపండు బిస్కెట్ల సీసాలు గంటలో ఖాళీ.

ఆ గుంపులో వెనింగ్ వచ్చింది. మెడ కింద ఎముకలు తేలాయి, రంగు తగ్గింది. నస్తితి పక్కనే ఉంది, కొత్త బట్టల్లో, దాని చెయ్యి పట్టుకుని. వెనింగ్ మోకాళ్ళ మీద కూర్చుని ఇబు చెయ్యి నుదుటికి ఆనించుకుంది.

"తెలిసీ తెలియక ఏమైనా తప్పు చేసి ఉంటే మన్నించండి ఇబూ."

ఎవరు ఎవర్ని అడగాలి! లస్మిని "నన్ను కూడా..." అనేలోగా వెనకవాడు "జరగవే, మేం కూడా మన్నింపు పొందాలి, బిస్కెట్లు అయిపోతున్నాయి" అని తోశాడు. అందరూ గొల్లుమన్నారు. వెనింగ్ కూడా లేచి జరిగింది.

వెళ్ళిపోయేటప్పుడు లస్మిని గేటు దగ్గర దాన్ని పట్టుకుంది. "వెనింగ్, ఇది పండగ మాట కాదు. ఫార్మసీలో నిన్ను పక్కకు నెట్టింది నేను. మీ ఇంటికొచ్చి బలవంతంగా ఒప్పించింది నేను. అదంతా వట్టి పుకారట తల్లీ, నేనే కనుక్కున్నాను. ఎవరికీ ఏ మేలూ జరగలేదు. నన్ను మన్నించు."

వెనింగ్ గేటు ఇనప చువ్వను గోటితో గీకింది.

"ఇవాళ అడక్కండి ఇబూ. ఇవాళ ఎవరడిగినా కాదనకూడదు కదా. చేపలప్పుడూ అంతే, మా ఇంటికొచ్చినప్పుడూ అంతే. నాకు కాదనే వీలుంచకుండా అడిగారు. ఇవాళ కూడానా?"

లస్మిని చెయ్యి వదిలేసింది.

"అడగాలనుంటే, పండగ కాని రోజున అడగండి" అని చెప్పి, వెనింగ్ స్నేహితుల వెనక నడిచింది.

పండగ సెలవులు అయిపోవస్తుండగా, ఒక మామూలు మంగళవారం లస్మిని బయల్దేరింది. సురోతో బండి తీయబోతే వద్దంది. అంత దూరమూ నడిచింది. తుమిరా పెరట్లో పొగాకు నారుమడి పోసుంది. వాన పడి నారు కుళ్ళకుండా వెదురు బద్దలు గుచ్చి పైన పట్టా కప్పారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది బడి బేనరు. పాతబడ్డాక గేటు మీదనుంచి తీసి పారేస్తే తుమిరా అడిగి తెచ్చుకున్నట్టుంది. వెలిసిపోయిన వెనింగ్ మొహం ఆకాశం వైపు చూస్తోంది, దాని మీద వాననీళ్ళు మడుగు కట్టాయి. ఆ మొహం కింద, మడిలో వంగి కలుపు తీస్తోంది వెనింగ్.

"ఇబు గురూ! చాప వేస్తానుండండి" అని తుమిరా లోపలికి పరిగెత్తింది.

లస్మిని చాప కోసం ఆగలేదు. మడి గట్టు మీద, మట్టిలోనే, వెనింగ్‌కు ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఇవాళ పండగ కాదు" అంది.

"కాదు ఇబూ."

"అడగడానికే వచ్చాను. నువ్వు కాదన్నా సరే, నేనేమీ అనను."

వెనింగ్ చేతిలోని కలుపు మొక్కల మట్టి దులిపింది. ఒక్కొక్కటే పక్కన పెట్టింది. తలెత్తి ఇబు కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బావుండేదని లస్మినికి అనిపించింది.

"ఇంకా లేదు ఇబూ" అంది.

అని, మట్టి చేత్తోనే లస్మిని చెయ్యి అందుకుని, ఎప్పట్లాగే నుదుటికి ఆనించుకుంది. తుమిరా టీ తెచ్చింది. లస్మిని రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆఖరి గుక్క దాకా తాగింది. 'ఇంకా లేదు' అంటే మా ఊళ్ళో అర్థమేమిటో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యాభై దాటినా నవ్వుమొహంతో అదే మాట చెప్పుకొచ్చిన మనిషి. గ్లాసు గట్టు మీద పెట్టి, తల్లికీ కూతురికీ చెప్పి, ఇంటి దారి పట్టింది.